క్యాన్సరును పోలిన పిత్తాశయ శోథము: గుర్తుల విలువ ఎంత?

జంగారెడ్డిగూడెపు మెట్టలో వర్జీనియా పొగాకు పండించు కుటుంబమొకటి అనుకొనుడు. ఆ ఇల్లాలికి ఏబది యేండ్లు. కొంతకాలముగా కుడి డొక్కలో నొప్పి, అన్నము సహింపదు, మనిషి కొంచెము చిక్కినది. స్కానింగు తీయించిరి. పిత్తాశయములో రాళ్లున్నవి. దాని గోడ మందమెక్కినది. ఆ మందము కాలేయమునకు అంటుకొని యున్నట్లు కనబడుచున్నది. కాగితము చివర ఇంగ్లీషున రెండు పంక్తులున్నవి. వాని సారాంశము: పిత్తాశయపు క్యాన్సరు కావచ్చును, ముక్కపరీక్షతో సరిచూచుకొనవలెను. ఆ కాగితము ఇల్లు చేరులోపల "కావచ్చును" అను మాట దారిలో జారిపోయినది. క్యాన్సరు అని తేలినదని ఇంటిల్లిపాదియు నిశ్చయించుకొనిరి. పొలము తాకట్టుపెట్టి పెద్ద ఊరికి పోవుటయా, దేవునిపై భారము వేసి ఊరకుండుటయా అను తర్కము మొదలైనది.

ఈ కుటుంబము కల్పితము. వ్యాధి మాత్రము కల్పితము కాదు. సరిగా ఇట్టి చిత్రమునే చూపుచు, క్యాన్సరు కాని వ్యాధి యొకటి కలదు. దాని పేరు జాంథోగ్రాన్యులోమేటస్ కోలీసిస్టైటిస్. గ్రీకు భాషలో జాంథాస్ అనగా పసుపు. గ్రాన్యులోమా అనగా శోథమువలన ఏర్పడు కణముల గుంపు. కోలీసిస్టైటిస్ అనగా పిత్తాశయపు శోథము, అనగా వాపుతోడి మంట. తెలుగున దీనిని "పసుపు కణికల పిత్తాశయ శోథము" అనవచ్చును. క్లుప్తముగా పసుపు శోథము. దీనిని క్యాన్సరునుండి వేరుచేయుటకు వైద్యులు ఎన్నో గుర్తులను ప్రతిపాదించిరి. ఆ గుర్తులు ఎంతవరకు నమ్మదగినవి, వానిని లోకము ఎట్లు చదువుచున్నది అను రెండు విషయములను ఇచ్చట విమర్శించుట జరుగుచున్నది.

వ్యాధి పుట్టుక

కాలేయము దినమునకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు పైత్యరసమును తయారుచేయును. కొవ్వుపదార్థములు జీర్ణమగుటకు అది అవసరము. ఈ రసములో కొంత భాగము, కాలేయము క్రింద బేరిపండువలె వ్రేలాడు పిత్తాశయమను సంచిలో నిలువయుండి చిక్కబడును. ఆ సంచిలో పట్టునది 30 మొదలు 50 మిల్లీలీటర్లు మాత్రమే. ఆరోగ్యముగా నున్నప్పుడు దాని గోడ మందము సాధారణముగా 3 మిల్లీమీటర్లకు మించదు.

గోడ లోపలి పొర అక్కడక్కడ కండరములోనికి చొచ్చుకొనిపోయి సన్నని సందులను ఏర్పరచును. వియన్నాకు చెందిన రోకిటాన్‌స్కీ, జర్మనీకి చెందిన ఆషాఫ్ అను రోగవిజ్ఞానుల పేర వీనిని పిలుచుచున్నారు. రాయి అడ్డుపడి సంచిలో ఒత్తిడి పెరిగినప్పుడు ఈ సందులు పగులును. లేదా లోపలి పొర పుండుపడును. అప్పుడు పైత్యరసము గోడలోనికి ఊరును. అందలి కొలెస్టరాలు మొదలగు కొవ్వులు గోడకు పరాయి సరుకు. వానిని తొలగించుటకు భక్షక కణములు వచ్చి మ్రింగును. మ్రింగిన కొవ్వు కణము నిండ చిన్న చిన్న బొట్లుగా నిలిచిపోవును. సూక్ష్మదర్శినిలో అట్టి కణము సబ్బునురుగువలె కనబడును. కావుననే దానికి నురుగు కణమని పేరు. ఈ కణముల గుంపులు గోడలో పసుపుపచ్చని కణికలుగా ఏర్పడును. చుట్టును నారవంటి కణజాలము అల్లుకొనును. గోడ గట్టిపడి ప్రక్కనున్న కాలేయమునకు, చిన్నప్రేవు మొదటి భాగమునకు, పెద్దప్రేవునకు అంటుకొనును.

1970లో క్రిస్టెన్సన్, ఇషాక్ అను ఇద్దరు రోగవిజ్ఞానులు పిత్తాశయమునందలి ప్రాణాపాయము లేని కణుతులను, కణుతులవలె భ్రమింపజేయు వానిని 180 మంది రోగులలో పరిశీలించి వర్గీకరించిరి. ఆ భ్రమింపజేయు జాబితాలో ఈ శోథమునకు స్థానము దొరికినది. 1976లో మెక్కాయ్ ప్రభృతులు దీనికి నేటి పేరు పెట్టిరి. 1981లో గుడ్‌మన్, ఇషాక్ లు 40 మంది రోగుల పిత్తాశయములను పరీక్షించి దీని లక్షణములను వివరముగా వ్రాసిరి. అనగా ఈ వ్యాధి వైద్యగ్రంథములలోనికి వచ్చినదే మారువేషములో. మొదటినుండియు అది "కణితి కాని కణితి".

క్యాన్సరుతో ఇంతటి పోలిక ఎందుకు? పిత్తాశయపు క్యాన్సరు కూడ పెక్కుసార్లు రాళ్లున్న సంచిలోనే పుట్టును, అదియు గోడను మందముచేయును, కాలేయములోనికి ప్రాకును, చుట్టునున్న శోషరస గ్రంథులను ఉబ్బించును. ఒక చోట పెరుగునవి అదుపు తప్పిన కణములు. మరియొక చోట చేరునవి శరీరమును కాపాడవచ్చిన కణములు. లోపలి పదార్థములు వేరు. బయటికి పడు నీడ మాత్రము ఒకటే. స్కాను చూపునది నీడను.

ఐదు గుర్తుల కథ

2010లో జపానుకు చెందిన గోషిమా ప్రభృతులు సి.టి. స్కానులో ఐదు గుర్తులను పరిశీలించిరి. ఒకటి, గోడ ఒకచోట గాక అంతటను మందమెక్కుట. రెండు, లోపలి పొర తెగిపోకుండ గీతవలె సాగుట. మూడు, గోడలో నల్లగా కనబడు కణికలుండుట. నాలుగు, కాలేయములోనికి చొచ్చుకొనిపోయినట్లు కనబడకుండుట. ఐదు, కాలేయములోని పైత్యనాళములు ఉబ్బకుండుట. వీనిలో మూడుగాని అంతకు మించిగాని ఉన్నచో అది పసుపు శోథమని లెక్కవేసిరి. 18 మంది శోథ రోగులలో 15 మందిని ఈ పద్ధతి సరిగా గుర్తించినది. క్యాన్సరు ఉన్న 17 మందిలో ఒక్కరిని కూడ శోథమని పొరబడలేదు. శాతములలో చెప్పినచో, శోథమును పట్టుటలో 83, క్యాన్సరును శోథమని పొరబడకుండుటలో 100, మొత్తముమీద 91.

ఈ పరిశోధనలోని మంచిని మొదట చెప్పవలెను. గుర్తులు ఊరక ఏరినవి కావు. వ్యాధి పుట్టుకతో వానికి సంబంధమున్నది. పిత్తాశయపు క్యాన్సరు లోపలి పొరలో పుట్టును గనుక ఆ పొర తెగును. పసుపు శోథము గోడ మధ్యలో పెరుగును గనుక పొర చాలవరకు నిలుచును. నల్లని కణికలు కొవ్వు నిండిన కణముల గుంపులు, లేదా చీముపట్టిన చోట్లు. కారణము తెలిసిన గుర్తుకు, కారణము తెలియని గుర్తుకంటె విలువ ఎక్కువ.

కాని నూటికి నూరు అను సంఖ్యను చూచి మోసపోరాదు. ఆ నూరు వచ్చినది 17 మందినుండి. ఈ గుర్తులు నిజమునకు నూటికి పది మంది క్యాన్సరు రోగులను శోథమని పొరబడునవే యనుకొనుడు. అప్పుడు ఒక్కొక్క రోగి విషయమున సరియగు అవకాశము 0.9. వరుసగా 17 మంది విషయములోను సరియగు అవకాశము తెలియవలెనన్న 0.9ను 17 మారులు గుణింపవలెను. వచ్చునది సుమారు 0.167, అనగా ఆరింట ఒక వంతు. పాచిక వేయగా ఆరు పడుటకు ఎంత అవకాశమో అంత. నూటికి పది తప్పులు చేయు గుర్తు కూడ, 17 మందిలో ఒక్క తప్పు చేయక "నూటికి నూరు" అనిపించుకొనుట ఏమంత వింత కాదు. నూటికి 16 తప్పులు చేయు గుర్తుకు కూడ ఇరువదింట ఒక అవకాశము ఉండనే యున్నది. ఉన్నత పాఠశాల విద్యార్థి ఈ లెక్కను స్వయముగా చేసి చూచుకొనవచ్చును.

రెండవ లోపము మరింత సూక్ష్మమైనది. ఆ 35 మందిలో ఎవరి వ్యాధి ఏదో ముందే తేలియున్నది. వారి చిత్రములలో భేదములు వెదకి, ఆ భేదములు ఎంత బాగుగ పనిచేసినవో వారిలోనే లెక్కించిరి. తరగతిలో చేయించిన లెక్కలనే పరీక్షలో ఇచ్చి, పిల్లవానికి నూటికి నూరు వచ్చినదనుట వంటిది ఇది. పిల్లవాడు తెలివిగలవాడే కావచ్చును. కాని ఆ సంగతి తెలియవలెనన్న క్రొత్త లెక్క ఇచ్చి చూడవలెను.

మూడవది, పసుపు శోథము, క్యాన్సరు రెండును ఒకే పిత్తాశయములో కలిసియుండుట కలదు. నివేదికలను బట్టి శోథమున్న వారిలో ఇట్టివారు కొద్ది శాతము. కొన్ని చోట్ల ఇంకను ఎక్కువ. "ఇదియా, అదియా?" అని అడుగు పద్ధతి "రెండును" అను జవాబును వినజాలదు. శోథపు గుర్తులు దొరికినంత మాత్రమున క్యాన్సరు లేదనుట తర్కమునకు నిలువదు. శోథము క్యాన్సరుగా మారునని రుజువు కాలేదు. రాళ్లున్న సంచిలో రెండును ప్రక్కప్రక్కన పుట్టవచ్చుననుట మాత్రము నిజము.

ఊరు మారిన గుర్తు విలువ మారును

పై లోపములు లేని మేలైన గుర్తు దొరికినదే యనుకొనుడు. అప్పుడు కూడ ఒక చిక్కు మిగిలియుండును. చాల వ్యాసములలో ఇది చిన్న అక్షరములలో మాత్రమే కనబడును.

పిత్తాశయపు క్యాన్సరు లోకమంతట ఒకే తీరున లేదు. దక్షిణ అమెరికాలో చిలీ, బొలీవియా. మన దేశములో గంగామైదానము, ఢిల్లీ, అస్సాము ప్రాంతములు దీనికి పేరుబడినవి. అచ్చట స్త్రీలకు వచ్చు ముఖ్యమైన క్యాన్సరులలో ఇది యొకటి. భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ కార్యక్రమమును నెలకొల్పినది. 1982 నుండి బొంబాయి, మద్రాసు, బెంగుళూరులలో లెక్కలు సేకరింపబడినవి. తరువాత చేరిన రిజిస్ట్రీలతో కలిపి చూచినచో, దక్షిణాదిలో ఈ క్యాన్సరు ఉత్తరాదికంటె ఎన్నో రెట్లు తక్కువ. ఇందుకు ఉత్తరాదివారి రాళ్లు, ఆహారము, నీరు, జన్యువులు మొదలగు కారణములను పరిశోధించుచున్నారు; ఏ ఒక్కటియు పూర్తిగా తేలలేదు.

ఇప్పుడొక లెక్క. ఇందలి సంఖ్యలు ఉదాహరణకు తీసికొన్నవి మాత్రమే. స్కానులో ఒక "అనుమానపు గుర్తు" ఉన్నదనుకొనుడు. క్యాన్సరు గల 100 మందిలో 80 మందికి అది కనబడును. క్యాన్సరు లేక కేవలము గోడ మందమైన 100 మందిలో 20 మందికి కూడ కనబడును. గోడ మందమై వచ్చు ప్రతి 100 మందిలో 50 మందికి క్యాన్సరు ఉండు ఉత్తరాది ఆసుపత్రిలో ఈ గుర్తు 40 మంది క్యాన్సరు రోగులకు, 10 మంది ఇతరులకు కనబడును. గుర్తు కనబడిన 50 మందిలో 40 మందికి, అనగా 80 శాతమునకు, క్యాన్సరు నిజము. అదే గుర్తును, గోడ మందమైన 100 మందిలో 10 మందికే క్యాన్సరు ఉండు మరియొక ఊరికి తెచ్చినచో 8 మంది క్యాన్సరు రోగులకు, 18 మంది ఇతరులకు కనబడును. గుర్తు కనబడిన 26 మందిలో క్యాన్సరు 8 మందికే, అనగా సుమారు 31 శాతమునకే. యంత్రము అదే, చిత్రము అదే, చదివిన వైద్యుడు అదే. ఊరు మారినది, అర్థము మారినది.

గుర్తు కనబడనివారి సంగతియు చూడదగినది. మొదటి ఊరిలో అట్టివారు 50 మంది. వారిలో 10 మందికి, అనగా 20 శాతమునకు, క్యాన్సరు ఉన్నది. రెండవ ఊరిలో 74 మంది. వారిలో ఇద్దరికి, అనగా సుమారు 3 శాతమునకు. రెండు ఊళ్లలోను జవాబు సున్న కాదు, నూరును కాదు. స్కాను సందేహమును పెంచును, తగ్గించును, తీర్చదు.

పసుపు శోథపు లెక్కలలోను ఇదే పొరబాటు జరుగుచున్నది. 2014లో ప్రచురింపబడిన ఒక అంతర్జాతీయ సమీక్షను బట్టి, తీసివేసిన పిత్తాశయములలో పసుపు శోథము ఇతర దేశములలో 1.3 మొదలు 1.9 శాతము, భారతదేశమున 8.8 శాతము. ఈ సంఖ్యను చూచి "భారతదేశమున" అని ఒక్క మాటలో వ్రాయుట సులభము. కాని మన దేశపు ప్రసిద్ధ నివేదికలలో పెక్కు లక్నో, వారణాసి, ఢిల్లీ, చండీగఢ్ వంటి చోట్ల పెద్ద ఆసుపత్రులనుండి వచ్చినవి. కఠినమైన వ్యాధులు అచ్చటికి ఏరి పంపబడును. అట్టి ఆసుపత్రి శాతము ఆ ప్రాంతపు శాతము కూడ కాదు. ఇక గోదావరి మండలములకు దానిని అన్వయించుట మరింత తప్పు. ఢిల్లీ లెక్కతో జంగారెడ్డిగూడెపు స్త్రీని భయపెట్టరాదు. క్యాన్సరు ఇచ్చట అరుదు గదా యని ఆమెను నిర్లక్ష్యము చేయనురాదు. కావలసినది ఇచ్చటి లెక్క.

రక్తము, చక్కెర, సూది

స్కాను చాలనప్పుడు ఇతర పరీక్షల సాయము కోరుట సహజము. వానికిని విమర్శ తప్పదు.

సి.ఎ. 19-9 అను పదార్థము రక్తములో పెరుగుట క్యాన్సరునకు సూచన యని ప్రసిద్ధి. కాని రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినప్పుడు, పైత్యనాళములు చీముపట్టినప్పుడు, పసుపు శోథములో కూడ అది పెరుగును. పెట్ స్కానులో, రేడియోధార్మికత చేర్చిన చక్కెరవంటి పదార్థమును ఎక్కించి, దానిని ఎక్కువగా పీల్చుకొను చోటును చూతురు. క్యాన్సరు కణములకు చక్కెరపై ఆకలి ఎక్కువ యనుట దీనికి ఆధారము. కాని శోథములో పనిచేయు భక్షక కణములకు కూడ అదే ఆకలి. కావున పసుపు శోథము పెట్ స్కానులో సైతము క్యాన్సరువలె వెలుగును.

ఇక సూదితో కణములను పీల్చి సూక్ష్మదర్శినిలో చూచుట. నీడను విడిచి పదార్థమునే చూచుట గనుక ఇది మేలైన పద్ధతి. క్యాన్సరు కణములు కనబడినచో ఆ మాట గట్టిది. కనబడకున్నచో మాత్రము ఆ మాట అంత గట్టిది కాదు. జంగారెడ్డిగూడెపు పొగాకు వేలములో బేలు పై ఆకును మాత్రము చూచి లోపలి ఆకంతయు అట్టిదే యని నమ్ము వ్యాపారి నష్టపోవును. శోథము, క్యాన్సరు కలిసియున్న గోడలో సూది మొన నురుగు కణముల గుంపులో దిగినచో, ప్రక్కనే యున్న క్యాన్సరు తప్పిపోవును. పైగా సూది దారివెంట క్యాన్సరు కణములు వ్యాపించునేమో అను శంకయు కలదు. కావుననే, శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగింపదగినదని తోచిన గడ్డకు ముందుగా సూది వేయక, తీసిన తరువాత పరీక్షించుట వాడుకలో నున్నది.

పొరబాటు వెల

గుర్తులను ఇంత నిశితముగా విమర్శించుట ఎందుకని ఎవరైన అడుగవచ్చును. రెండు వ్యాధుల చికిత్సలు వేరు గనుక.

పసుపు శోథమునకు పిత్తాశయమును తొలగించినచో చాలును. గోడ గట్టిపడి అంతటను అంటుకొనియుండుటచే ఆ పని సులభము కాదు. చిన్న రంధ్రములద్వారా మొదలుపెట్టినది పొట్ట కోసి ముగింపవలసి వచ్చుట తరచు జరుగును. అయినను వ్యాధి అంతటితో తీరును. క్యాన్సరునకు సంచితో పాటు ప్రక్కనున్న కాలేయభాగమును, శోషరస గ్రంథులను కూడ తీయవలెను. ఒక్కొక్కప్పుడు పైత్యనాళమును, ప్రేవు భాగమును కూడ తీయవలసి వచ్చును. శోథమును క్యాన్సరని భ్రమపడినచో రోగి అనవసరముగా పెద్ద కోతకు గురియగును. క్యాన్సరును రాళ్ల జబ్బని భ్రమపడి మామూలుగా సంచిని చీల్చి తీసినచో, ఒలికిన పైత్యరసముతో క్యాన్సరు కణములు పొట్టలో వ్యాపింపవచ్చును. అప్పుడు నయము కాదగినది కాకపోవును.

ఈ చిక్కునకు లక్నోలోని సంజయ్ గాంధీ స్నాతకోత్తర వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన శస్త్రవైద్యులు 2016లో ఒక మార్గమును ప్రచురించిరి. గోడ మందమై క్యాన్సరు అనుమానము స్వల్పముగా నున్నప్పుడు, సంచిని కాలేయమునుండి ఒలిచి తీయక, దానికి అంటియున్న పలుచని కాలేయపు పొరతో సహా ఒక ముద్దగా తీయుదురు. రోగి ఇంకను బల్లపై నుండగనే ఆ ముద్దలోని ముక్కను గడ్డకట్టించి కోసి సూక్ష్మదర్శినిలో చూతురు. క్యాన్సరైనచో శోషరస గ్రంథులను కూడ తీయుదురు. కాకున్నచో అంతటితో ముగింతురు. దీనిలోని గొప్పతనము కత్తిలో కంటె తర్కములో నున్నది. స్కాను తీర్పు చెప్పదని ముందే ఒప్పుకొని, రెండు వ్యాధులలో దేనికైనను పెద్ద హాని చేయని తొలి అడుగును అది ఎన్నుకొన్నది. అయినను, గడ్డకట్టించిన ముక్కను వెంటనే చదువగల రోగవిజ్ఞాని ఆ గదికి దగ్గరలో నుండవలెను. అట్టి వసతి ప్రతి ఊరిలోను లేదు. తేలికగా చూచిన ముక్కలో కూడ పొరబాటు పడవచ్చును గనుక తుది మాట తరువాత చేయు పూర్తి పరీక్షదే.

అన్నిటికంటె ఘోరమైన పొరబాటు వేరొకటి. స్కానులో గడ్డ కాలేయమునకు, ప్రేవులకు అంటుకొని కనబడినది, "ముదిరిన క్యాన్సరు, శస్త్రచికిత్సకు అందదు" అని రోగిని ఇంటికి పంపిరి, ముక్కపరీక్ష జరుగలేదు. అది పసుపు శోథమైనచో, బ్రతుకదగిన మనిషిని చావునకు సిద్ధపడుమనుట యైనది. శస్త్రచికిత్స చేయదలచినచో ముందుగా ముక్క అక్కరలేకపోవచ్చును, తీసిన తరువాత చూడవచ్చును. చికిత్స మానదలచినప్పుడు గాని, శస్త్రచికిత్స లేక మందులు మాత్రమే ఇయ్యదలచినప్పుడు గాని ముక్కపరీక్ష లేనిదే ఆ మాట అనరాదు. ఈ వ్యాధి చరిత్రనుండి సామాన్యునికి ఉపయోగపడు నియమము ఒక్కటున్నచో అది ఇదే.

ఒక మాటపై విమర్శ

తుదకు విమర్శ మన భాషకు కూడ తగులును. స్కాను తీయు చోటును "వ్యాధి నిర్ధారణ కేంద్రము" అనుట తెలుగున వాడుకయైనది. నిర్ధారణ అనగా సందేహమునకు తావులేని నిశ్చయము. ఇంగ్లీషువారు వాడు డయాగ్నోసిస్ అను గ్రీకు మాటకు అర్థము వేరుచేసి తెలిసికొనుట. తెలిసికొనుట మెట్టుమెట్టుగా జరుగును. నిర్ధారణ తుది మెట్టు. మొదటి మెట్టుమీద నిలిచియున్న ఇంటికి తుది మెట్టు పేరు పెట్టుటచే, అచ్చటినుండి వచ్చు ప్రతి కాగితమును జనులు తీర్పుగా భావించుచున్నారు. కాగితము వ్రాసిన వైద్యుడు తరచు జాగ్రత్తగానే వ్రాయును: "సజెస్టివ్ ఆఫ్" అనును, "లైక్లీ" అనును, ముక్కపరీక్షతో పోల్చుకొనుమనును. ఆ జాగ్రత్త ఇంగ్లీషులోనే ఉండిపోవుచున్నది. తెలుగు కుటుంబమునకు చేరునది వ్యాధి పేరు మాత్రమే.

దీనికి మూడు మాటలు చాలును. చిత్రమును చూచి చెప్పునది అనుమానము. రోగి లక్షణములు, రక్తము, చిత్రము, ఆ ప్రాంతపు లెక్క కలిపి వైద్యుడు చెప్పునది అభిప్రాయము. ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి చెప్పునది నిర్ధారణ. రోగి బంధువు వైద్యుని అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, ఇది ఈ మూటిలో ఏది?" ఈ ప్రశ్నలో అవిధేయత ఏమియు లేదు, మంచి వైద్యునకు ఇది సంతోషమునే కలిగించును.

గోదావరి మండలములలో ఈ ప్రశ్నకు జవాబు ఇయ్యగల వసతులు పెరుగుచున్నవి. 2023లో ఏలూరులోను, రాజమహేంద్రవరములోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. వైద్యకళాశాల యన్న రోగవిజ్ఞాన శాఖ యుండును. స్కాను చెప్పిన అనుమానమేమి, తీసిన పిత్తాశయపు ముక్క చూపిన నిజమేమి అని ప్రతి రోగికి రెండు గడులు నింపుచు వచ్చినచో, కొన్ని సంవత్సరములలో ఈ ప్రాంతపు లెక్క ఈ ప్రాంతమునకే దొరకును. లక్నో సంఖ్యలను, జపాను సంఖ్యలను అరువు తెచ్చుకొనవలసిన అవసరము తగ్గును. ఇందుకు క్రొత్త యంత్రము అక్కరలేదు. ఒక పుస్తకము, క్రమము తప్పని చేయి చాలును.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక పాఠమున్నది. సంభావ్యత అను అధ్యాయమును నాణెములతో, పాచికలతో ముగింపక, 17 మంది రోగుల లెక్కను, రెండు ఊళ్ల లెక్కను నల్లబల్లపై వేసి చూపవచ్చును. రేపు ఇంట స్కాను కాగితము వచ్చినప్పుడు, దానిని ఇంటివారికి చదివి చెప్పువాడు తరచుగా ఆ తరగతిలో కూర్చున్న పిల్లవాడే.

మన పూర్వ వైద్యులు రోగమును గుర్తించు శాస్త్రమునకు నిదానమని పేరు పెట్టిరి. మాధవకరుని గ్రంథము మాధవ నిదానమనియే ప్రసిద్ధము. తెలుగున నిదానమనగా తొందరపడకుండుట కూడ. మొదట చెప్పిన ఇల్లాలి విషయమున ఈ రెండు అర్థములును వర్తించును. ఆమె ఆలస్యము చేయరాదు. గోడ మందమైన పిత్తాశయము ఊరక వదలదగినది కాదు. కాని ముక్క చూడకముందు ఆమెకు క్యాన్సరు అని గాని, లేదని గాని ఎవరును ముద్రవేయరాదు.